బస్టాండు కొట్లాటకు కారణం

రాష్ట్రం వచ్చిన ఐదారేళ్ళకు జరిగిన సంగతి ఇది. ఎండాకాలం ఇంకా ముదరలేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు రెండు ఆటోలు మా దవాఖాన గేటు ముందు ఆగాయి. ఒకదాంట్లో ఆరుగురు, ఇంకోదాంట్లో ఐదుగురు, అందరూ ఇరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న పిల్లలు. అందరి అంగీల మీదా రక్తం. దారి పొడుగునా ఒకదాన్నొకటి దాటాలని ఆటోలను ఉరికించారని తరువాత ఒక డ్రైవరు చెప్పాడు. కొట్టుకోవడం అయిపోయినా దవాఖానకు ముందు ఎవరు చేరాలన్న పంతం ఒకటి మిగిలి ఉందన్నమాట.

నేను అప్పుడు విజయవాడ రోడ్డు మీద, చౌటుప్పల్‌కు కొంచెం ఇవతల, ఒక ఊరి సర్కారు దవాఖానలో హెడ్ నర్సును. నేను పుట్టింది కేతేపల్లి దగ్గర ఒక పల్లెలో. మా అమ్మ నాట్లకూ కలుపుకూ పోయి నన్ను నర్సింగు చదివించింది. నా భర్త పోయాక కొడుకును తీసుకుని బదిలీ మీద ఈ ఊరికి వచ్చాను. వాడికి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. డిగ్రీ అయిపోయి పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుతున్నాడు. పొద్దున గ్రౌండులో పరుగు, పగలంతా లైబ్రరీలో చదువు. ఊళ్ళో తల్లులు వాణ్ణి చూపించి తమ పిల్లలను తిట్టేవారు. నాకు అది వినసొంపుగానే ఉండేది. పరాయి పిల్లల పెంపకం గురించి మాట్లాడాల్సి వస్తే నా గొంతు ఒక మెట్టు పైకే లేచేది.

ఆ రోజు నాది నిజానికి మధ్యాహ్నం డ్యూటీ కాదు. తోటి సిస్టర్ ఇంట్లో పెళ్ళి ఉందంటే మార్చుకున్నాను.

మంచాలన్నీ జ్వరాలవాళ్ళతో నిండి ఉన్నాయి. అందుకని పదకొండు మందినీ గోడవారన ఉన్న పొడుగు బల్ల మీద కూర్చోబెట్టాను. ఇటు చివర ఆరుగురు, అటు చివర ఐదుగురు, మధ్యలో గాలి దూరే జాగా కూడా లేదు. గంట కింద చంపుతాం, నరుకుతాం అన్నవాళ్ళు మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుని ఒకే దూది కట్ట చేతులు మార్చుకున్నారు. ఒకడు కుట్టు వేయించుకుంటూ కేక పెడితే, వాడి తల పగలగొట్టినవాడే "జర మెల్లగ సిస్టర్, నొప్పి లేస్తాంది వానికి" అన్నాడు.

రెండు జట్లకూ పేర్లున్నాయి. ఒక పేరులో పులి, ఇంకో పేరులో సింహం. మా చుట్టుపక్కల నేను చూసిన పెద్ద క్రూరమృగం అడవిపంది. పంటలన్నీ నాశనం చేసేది అదే అయినా దాని పేరు మాత్రం ఎవరూ పెట్టుకోలేదు.

పోలీసు కేసయ్యే గాయాలకు మా దగ్గర వేరే రిజిస్టరు ఉండేది. పేరు, ఊరు, వయసు, గాయం లోతు అన్నీ రాశాక చివరి గడి 'గాయానికి కారణం'. మామూలు రోజుల్లో ఆ గడి నింపడం ఎంతసేపు! బండి జారింది, ఎద్దు పొడిచింది, నిచ్చెన మీది నుంచి పడ్డాడు. ఆ రోజు మాత్రం నేను బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ పదకొండు మందినీ అడగాల్సి వచ్చింది.

మొదటివాడికి నెత్తి మీద ఐదు కుట్లు పడ్డాయి.

"ఎందుకు కొట్టుకున్నరు బిడ్డా?"

"ఫోన్ వచ్చింది సిస్టర్. జల్ది బస్టాండుకు రమ్మన్నరు. పోయిన."

"ఎందుకు రావాల్నని అడగలేదా?"

వాడు నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూశాడు. "గట్ల అడిగితే ఇంక దోస్తానా ఏముంటది?"

రెండోవాడికి పెదవి చిట్లింది. ముందు ఎవరిని కొట్టావని అడిగితే, నల్ల అంగీవాణ్ణి అన్నాడు. ఆ నల్ల అంగీ పిల్లగాడు వాడి పక్కనే, వాడి జట్టులోనే కూర్చుని చెంపకు ఐసు ఒత్తుకుంటున్నాడు.

"ఈడు మీవోడే గద?"

"అవును సిస్టర్. కొత్తగ చేరిండు. మొకం గుర్తువట్టలే."

"ఏం కాదు అన్నా," అన్నాడు నల్ల అంగీవాడు, ఎంతో మర్యాదగా.

మూడోవాడు తాను ఎవరినీ కొట్టలేదన్నాడు. వీడియో తీశాడట. మరి మణికట్టు ఎందుకు వాచింది అంటే, దెబ్బలు సరిగ్గా కనబడాలని దగ్గరికి పోయి తీశాడట. "చానమంది చూసిండ్రు సిస్టర్," అని మంచి చేత్తో ఫోను నా ముందు పెట్టాడు. నేను చూడను అన్నాను. ఆ తరువాత, పక్కవాడికి కట్టు కడుతూ, ఒక కంటితో చూశాను. బస్టాండులో చెరుకురసం బండి ముందు దుమ్ము లేచింది, చెప్పులు ఎగిరాయి, జనం ఎండలో నిలబడి చూస్తున్నారు. ఆపడానికి ఒక ముసలావిడ ఒక్కతే ముందుకు వచ్చింది. అందరూ ఆమెను పక్కకు లాగారు, వీడియోకు అడ్డం వస్తోందని.

అసలు మొదలెక్కడ అని గట్టిగా అడిగాను. అందరి తలలూ ఒక పిల్లగాడి వైపు తిరిగాయి. అందరిలోకీ చిన్నవాడు, డిగ్రీ మొదటి సంవత్సరం. కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. ఎక్స్‌రే కోసం కూర్చున్నాడు.

"వాడు నన్ను చూసిండు," అన్నాడు, బల్ల అవతలి చివరకు గడ్డం చూపిస్తూ.

"చూస్తే ఏమైంది?"

"ఊకె చూసుడు కాదు సిస్టర్. గుర్రుగ చూసిండు. కండ్లు చిన్నగ జేసి, మొకం ముడుచుకొని, నువ్వెంత అన్నట్టు. నేను మొకం తిప్పుకున్న. మళ్ళ చూసిండు. మూడుసార్లు."

అవతలి చివరనున్నవాడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కనుబొమ్మ మీద బొప్పి కట్టింది.

"నేను వీణ్ణి చూడలే," అన్నాడు వాడు. "బస్సు బోర్డు చూసిన. నల్గొండ పోతదా, కోదాడ పోతదా అని. బస్సు వీని ఎన్క ఉండె."

"బోర్డును మూడుసార్లు చూస్తరా ఎవరన్న?"

"కనబడలే సిస్టర్." అలా అంటూ నా బ్యాడ్జీ మీది పేరు చదవాలని కాబోలు, కళ్ళు చిన్నవి చేసి, ముఖం ముడుచుకుని, నా వైపు చూశాడు. అచ్చం నువ్వెంత అన్నట్టే ఉంది. అబద్ధమెందుకు, నాకూ ఒళ్ళు మండింది.

వాణ్ణి లేపి పక్క గదిలో కంటిచూపు పట్టీ ముందు నిలబెట్టాను. పైనున్న పెద్ద అక్షరం చదివాడు. రెండో వరుస ఊహించి చెప్పాడు. మూడో వరుస దగ్గర, అక్కడ అక్షరాలున్నాయా అని నన్నే అడిగాడు.

"ఎప్పటి సంది?"

"పదో తరగతి సంది. బడిల అద్దాలిచ్చిండ్రు సిస్టర్. పెట్టుకుంటే దోస్తులు నవ్విండ్రు. తీసిన."

నాకు భలే సంతోషమైంది. పదకొండు తలలు పగలడానికి కారణం చేతికి దొరికింది, అది కూడా ఏ డాక్టరైనా ఒప్పుకునే గట్టి కారణం. బల్ల దగ్గరికి వచ్చి అందరికీ వినబడేటట్టు చిన్నవాడితో చెప్పాను: అతను నిన్ను చూడలేదు, అతనికి నువ్వు కనబడనే లేదు, చూపు తక్కువ.

వాళ్ళు నవ్వి చేతులు కలుపుకుంటారని అనుకున్నాను. కానీ నెత్తికి కుట్లు పడ్డవాడు, "అబద్ధం సిస్టర్, కావాల్నని చూసిండు," అన్నాడు. అవతలి జట్టువాళ్ళు కూడా, "అవును, మావోడు చూస్తే కావాల్ననే చూస్తడు," అన్నారు. ఆ రోజు రెండు జట్లకూ కుదిరిన మొదటి ఒప్పందం అది. చివరకు ఆ పొడుగు పిల్లగాడు కూడా తల వంచుకుని, "కావాల్ననే చూసిన సిస్టర్," అన్నాడు. చూపు లేనివాడని అనిపించుకోవడం కంటే దుర్మార్గుడని అనిపించుకోవడం వాడికి గౌరవంగా తోచింది.

మా డాక్టరుగారు కుర్రవాడు. కుట్లు వేసి వచ్చి చేతులు కడుక్కుంటూ, "కారణమంతా ఫోన్లే సిస్టర్. యువత మెదడు తినేస్తున్నాయి," అన్నాడు. చేతులు తుడుచుకుని తన ఫోను తీసి చూసుకుంటూ గదిలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు కానిస్టేబుల్ వచ్చాడు. రిటైరుమెంటు దగ్గరపడ్డ మనిషి. వస్తూనే ప్రతివాడి నోటి దగ్గరా ముక్కు పెట్టి వాసన చూశాడు. గంజాయి వాసన రాలేదు. ఆయన ముఖం చిన్నబోయింది. గంజాయి అయితే పైవాళ్ళకు రాయడం తేలిక.

"మిమ్మల్ని ఎవడు పిలిచిండ్రా ఫోన్ చేసి?"

"అన్న," అన్నారు ఆరుగురూ.

"ఏ అన్న?"

ఆరుగురూ ఒక్కసారే నా వైపు చూశారు. దాహమవుతోందేమో అనుకుని నీళ్ళ సీసా అందించాను. ఎవరూ తాగలేదు. అందరూ నేల చూపులు చూశారు.

నాకు ఆ అన్న మీద కోపం పొంగింది. ఇలాంటి అన్నలను ఊళ్ళో చాలామందిని చూశాను. తాను నీడలో కూర్చుని పిల్లలను ఎండలోకి తోలుతాడు. కానిస్టేబుల్‌తో గట్టిగా, బల్ల మొత్తానికీ వినబడేటట్టు అన్నాను: "ముందు ఆ అన్నను దొరకవట్టుండ్రి సార్. వాణ్ణి కన్న తల్లి ఎవరో గాని, ఏం పెంచిందో ఏమో!"

నెత్తికి కుట్లు పడ్డవాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కుట్లు లాగుతున్నాయేమో అనుకున్నాను.

కానిస్టేబుల్ డాక్టరు గదిలోకి చాయ తాగడానికి వెళ్ళాడు. ఐదు నిమిషాలు కూడా కాలేదు, తలుపు దగ్గర నా కొడుకు కనబడ్డాడు. చేతిలో కొబ్బరిబోండాల సంచి. నాకు అన్నం తెచ్చాడనుకుని ఒక్క క్షణం మురిసిపోయాను. వాడు నన్ను చూసి అక్కడే ఆగిపోయాడు. ఆ రోజు నేను డ్యూటీలో ఉంటానని వాడికి తెలియదు.

బల్ల మీద ఆరుగురూ లేచి నిలబడ్డారు. కాలికి కట్టు కట్టినవాడు కూడా గోడ పట్టుకుని లేచాడు. నల్ల అంగీ పిల్లగాడు, పాపం కొత్తగా చేరినవాడు, అందరికంటే ముందు, "అన్నా!" అన్నాడు.

కొడుకు రెక్క పట్టుకుని వెనక డ్రెస్సింగు గదిలోకి లాక్కుపోయాను.

"నువ్వేనా?"

వాడు చేతిలోని సంచి వైపు చూశాడు.

"నోరు తెరిచి చెప్పు."

"నేను కొట్టలే అమ్మా. బస్టాండుకు పోనే లేదు. లైబ్రరీల ఉన్న."

"మరి?"

"ఆ చిన్నోడు ఫోన్ చేసి ఏడ్చిండు, ఎవడో గుర్రుగ చూస్తాండని. నేను మనోళ్ళకు ఫోన్ జేసిన. గంతే."

గంతే అన్నాడు. లైబ్రరీలో, పుస్తకం ముందు తెరిచి పెట్టుకుని, ఐదు ఫోన్లు చేశాడు. కొట్టడానికి నా చెయ్యి లేచింది. తరువాత దించాను. నా సంస్కారం అడ్డుపడిందని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి, పక్క గదిలోని కానిస్టేబుల్‌కు చప్పుడు వినిపిస్తుందని దించాను.

వాడు పరుగు పరీక్ష గట్టెక్కాడు. రాత పరీక్షకు నెల రోజులే ఉంది. కేసులో పేరుంటే పోలీసు ఉద్యోగం రాదని నాకు తెలుసు. వెనక తలుపు తీసి, "ఇంటికి పో, మళ్ళ ఇటు రాకు," అన్నాను. సంచి నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఆ కొబ్బరినీళ్ళు పదకొండు మందికీ పోశాను. తాగుతూ ఎవరూ నా ముఖం వైపు చూడలేదు.

కానిస్టేబుల్ వచ్చి రిజిస్టరు అడిగాడు. చివరి గడి ఖాళీగా ఉంది. అప్పటిదాకా అందరినీ నిలదీసి, కంటిచూపు పట్టీ దాకా పోయి కారణం వెతికినదాన్ని, కలం తీసి 'కారణం తెలియదు' అని రాశాను. పదకొండు సార్లు. నా చేతిరాత చక్కగా ఉంటుందని కానిస్టేబుల్ మెచ్చుకున్నాడు.

పది రోజుల తరువాత ఊరి పెద్దలు ఫంక్షన్ హాల్లో శాంతి సభ పెట్టారు. రెండు జట్ల పిల్లలనూ, తల్లిదండ్రులనూ పిలిచారు. దవాఖాన తరఫున నన్ను పిలిచారు. వేదిక మీద ఏడు కుర్చీలు వేశారు, పెద్దలు పది మంది వచ్చారు. ఒకాయన కూర్చోబోతున్న కుర్చీని ఇంకొకాయన వెనక్కి లాగాడు. నన్ను తోస్తవా అంటే నన్ను తోస్తవా అని చొక్కాలు పట్టుకోబోయారు. కింద ముందు వరుసలో ఉన్న పిల్లలు మెడలు సాచి శ్రద్ధగా చూశారు. వీడియో తీసేవాడి చెయ్యి జేబులోకి పోయింది, వాళ్ళమ్మ పట్టుకుని ఆపింది.

కుర్చీలు తెప్పించాక సభ మొదలైంది. రిటైరయిన హెడ్‌మాస్టరు, బడిలో బెత్తం తీసేసిన నాటి నుంచే పిల్లలు చెడిపోయారన్నాడు. పిల్లలకు హింస నేర్పకుండా ఉండాలంటే రోజూ నాలుగు తగిలించాలని ఆయన సిద్ధాంతం. ఒక నాయకుడు, ఫ్యాక్టరీలూ ప్లాట్లూ వచ్చాక బయటివాళ్ళు దిగి ఊరిని పాడుచేశారన్నాడు. పదకొండు మందీ ఊరివాళ్ళేనని ఎవరో అంటే, బయటివాళ్ళను చూసి నేర్చుకున్నారన్నాడు. ఒకాయన సినిమాలన్నాడు, ఒకాయన కోడికూరలో మందులన్నాడు, ఇంకొకాయన జుట్టు కత్తిరింపులన్నాడు. ఆయన మాట్లాడినంతసేపూ వెనకాల గోడ మీద ఆయన సొంత పుట్టినరోజు ఫ్లెక్సీ వేలాడుతోంది. దానిలో పిల్లలందరి ఫొటోలూ ఉన్నాయి, రెండు జట్లవీ. ఏడాదికొకసారి వాళ్ళతో బైకుల ర్యాలీ తీయించింది ఆయనే.

నా వంతు వచ్చింది. కంటిచూపు సంగతి చెబితే అందరూ నవ్వారు, జోక్ చేశాననుకున్నారు. అప్పుడు నేను అన్నాను: "అయ్యా, ఆ రోజు పనిదినం. మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ చేస్తే పది నిమిషాలల్ల అందరు వచ్చిండ్రు. పని మీద ఉన్న, రాలేను అన్నోడు ఒక్కడు లేడు. ఎందుకంటే ఆ టైముకు వీళ్ళల్ల ఒక్కనికి కూడ పోవాల్సిన జాగా లేదు."

తల్లులు కొందరు చప్పట్లు కొట్టారు. నాయకుడు మైకు లాక్కుని, "ఉద్యోగాల ముచ్చట ఈ మీటింగుల వద్దు సిస్టరమ్మా, అది వేరే సబ్జెక్టు," అన్నాడు. సభ అయ్యాక చాలామంది వచ్చి బాగా చెప్పారన్నారు. నిజమే, బాగానే చెప్పాను. నేను చెప్పింది అబద్ధం కూడా కాదు. కానీ పెద్ద కారణం చెప్పడంలో ఎంత సుఖముందో ఆ రోజే తెలిసింది. దానిలో ఎవరి పేరూ ఉండదు. మూడో వరుసలో నా కొడుకు తెల్ల అంగీ వేసుకుని, చక్కగా తల దువ్వుకుని కూర్చుని ఉన్నాడు. సభ చివర పిల్లలకు బుద్ధిగా చదువుకోవడం ఎలాగో చెప్పమని వాడికి మైకు ఇచ్చారు. చెప్పాడు.

కేసు రాజీ అయింది. పొడుగు పిల్లగాణ్ణి నేనే కంటి శిబిరానికి తీసుకుపోయి అద్దాలు ఇప్పించాను. మొదట జేబులో పెట్టుకు తిరిగాడు, తరువాత ముఖానికి పెట్టుకున్నాడు. నా కొడుకు రాత పరీక్షలో కొద్దిలో తప్పాడు. మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడో తెలియక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి చేరాడు. చిన్నవాడి మోచెయ్యి అతుక్కుంది గాని పూర్తిగా చాచడానికి రాలేదు. వాడు పోలీసు ఉద్యోగానికే కాదు, బరువు పని దేనికీ పనికిరాడని తరువాత తెలిసింది.

ఏడాది పైన గడిచాక ఒక ఆదివారం పొద్దున నేను గోంగూర తెంపుతున్నాను. నా కొడుకు షిఫ్టు దిగి వచ్చి గడపలో కూర్చున్నాడు. ఆ సంగతి మేమిద్దరం అప్పటిదాకా ఎత్తలేదు. నేనే అడిగాను.

"ఎందుకు చేసినవ్‌రా ఆ ఫోన్లు? చిన్నోడు ఏడిస్తే ఇంటికి పొమ్మని చెప్పొచ్చు గద."

బూట్లు విప్పి గడప పక్కన పెట్టాడు. "మూడేండ్లు ఆ లైబ్రరీల కూసున్న అమ్మా. ఎక్కడికి అప్లై జేసినా పిలుపు రాలే. ఒక్కడు నన్ను రమ్మనలే. ఆ రోజు, నేను పిలిస్తే ఎంతమంది వస్తరో చూద్దామని అనిపించింది." దాచుకోలేక ఇంకో మాట అన్నాడు: "అందరొచ్చిండ్రమ్మా."

ఆ గొంతులో ఉన్న గర్వం నాకు తెలిసిన గర్వమే. శాంతి సభలో చప్పట్లు విన్నప్పుడు నా గొంతులోకి వచ్చింది అదే. ఆకులు తెంపడం అయ్యాక చీర మార్చుకుని చిన్నవాడి ఇంటికి నడిచాను. వాళ్ళమ్మ కూలికి పోయే మనిషి, మా అమ్మలాగే. ఇంటి ముందు నీడలో గోనె పరుచుకుని చింతపండు గింజలు తీస్తోంది.

నిలబడే చెప్పాను. ఫోను చేసింది నా కొడుకని, నాకు ఆ రోజే తెలుసునని, తెలిసీ తెలియదని రాశానని.

ఆమె తల ఎత్తలేదు. "తెలుసు సిస్టరమ్మా," అంది. "మా పోరడు ఆ దినమే చెప్పిండు. నువ్వు ఎప్పుడొచ్చి చెప్తవో అని చూస్తాన. సభల మైకు పట్టినప్పుడు చెప్తవేమో అనుకున్న."

లోపల రేడియో ఏదో మోగుతోంది. ఆమె గింజ ఒకటి తీసి పక్కన పడేసి ఇంకో కాయ అందుకుంది. గోనె మీద ఆమె పక్కన ఖాళీ చాలానే ఉంది. కూర్చోమని మాత్రం అనలేదు.